మదుపరి ఏ బల్ల దగ్గర కూర్చోవాలి?

మ్యూచువల్ ఫండ్ ప్రకటనల్లో, పొదుపు పుస్తకాల అట్టల మీద ఒక బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ఠీవిగా నిలబడ్డ చదరంగం రాజు, పక్కన ఒరిగిపోయిన బంటు. పది ఎత్తులు ముందుకు చూడగలవాడే మంచి మదుపరి అన్న నమ్మకం ఆ బొమ్మ వెనక ఉంది. తెలుగునాట ఈ నమ్మకం ఇంకాస్త బలంగా నాటుకుంది. కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ, అర్జున్ ఇరిగేశి ఎదుగుదల చూసిన ఇళ్లలో చదరంగం అంటే తెలివికి మారుపేరు. డబ్బు విషయంలోనూ అదే తెలివి పనికొస్తుందనుకోవడం సహజం. ఆ నమ్మకం సగం వరకే నిజమని నా అభిప్రాయం. మిగతా సగాన్ని నమ్ముకుని కష్టార్జితం పోగొట్టుకుంటున్నవాళ్లు తక్కువమంది కాదు కాబట్టి ఈ పోలికను తేలిగ్గా వదిలేయలేం.

చదరంగం పక్కన మరో రెండు ఆటల్ని పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒకటి గో. చైనాలో పుట్టి, జపాన్, కొరియాల్లో మహావిద్యగా పెరిగిన ఆట. అడ్డంగా 19, నిలువుగా 19 గీతలు, 361 కూడళ్లు, నల్ల రాళ్లు, తెల్ల రాళ్లు. ఒకసారి పెట్టిన రాయి కదలదు. నలువైపులా ముట్టడిస్తేనే అది బల్ల దిగుతుంది. ఎక్కువ చోటు చుట్టుకున్నవాళ్లు గెలుస్తారు. రెండోది బ్యాక్‌గామన్. 24 ఇళ్లు, చెరి 15 కాయలు, రెండు పాచికలు. పచ్చీసు, అష్టాచెమ్మా ఆడినవాళ్లకు దీని స్వభావం కొత్త కాదు. ఏ పందెం పడుతుందో మన చేతిలో లేదు. పడ్డాక ఏ కాయ జరపాలన్నది మాత్రం పూర్తిగా మనదే. వైకుంఠపాళిలో ఆ రెండో భాగం కూడా లేదు, అందుకే దాన్ని ఈ వరసలో చేర్చడం లేదు.

డబ్బు పేరుతోనే ఆడే మొనాపలీ సంగతేమిటని అడగవచ్చు. ఎలిజబెత్ మాగీ 1904లో పేటెంట్ తీసుకున్న ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ దానికి మూలం. భూమి కొందరి గుప్పిట్లోకి చేరితే మిగిలినవాళ్ల గతి ఏమవుతుందో చూపించడానికి ఆమె దాన్ని తయారుచేసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ చేతికి చేరాక, ఎదుటివాళ్లను దివాలా తీయించడమే ఆనందంగా మిగిలింది. ఎదుటివాడు దివాలా తీస్తే తప్ప మనం గెలవని ఆటకు దీర్ఘకాల మదుపు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కంపెనీ పెరిగితే వాటాదారులంతా కలిసి పెరుగుతారు.

చదరంగం దగ్గర నేర్చుకోవాల్సింది లేదని కాదు. 1916 నుంచి 1924 దాకా ఓటమి ఎరగని క్యూబా ఆటగాడు కాపబ్లాంకా, చదరంగం నేర్చుకోవడం చివరి నుంచి మొదలుపెట్టమనేవాడు. బల్ల మీద రాజు, ఒక బంటు, ఎదుటి రాజు మాత్రమే ఉన్నప్పుడు ఎలా గెలవాలో తెలియకపోతే, నిండు బల్ల మీద దేన్ని మార్చుకోవాలో, దేన్ని ఉంచుకోవాలో తెలియదు. మదుపులో దీన్ని మించిన పాఠం అరుదు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూతురి చదువుకు ఎంత కావాలి, అరవై ఏళ్లు దాటాక నెలకు ఎంత చాలు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టి వెనక్కి నడిస్తే, ఈ నెల ఏ ఫండ్ కొనాలన్న ప్రశ్న దానంతటదే చిన్నదైపోతుంది. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఎవరో చెప్పిన షేరు కొంటారు, అది ఎందుకోసమన్నది తర్వాత వెతుక్కుంటారు.

అక్కడితో ఆగితే చదరంగం మంచి గురువే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. చదరంగంలో దాపరికం లేదు. 64 గళ్లు, ఇద్దరి పావులు, అన్నీ వెలుగులో ఉంటాయి. ఓడినవాడు ‘నాకు కనబడలేదు’ అంటే అది చూపు లోపమే తప్ప ఎదుటివాడు దాచింది కాదు. మార్కెట్ బల్ల అలాంటిది కాదని హైదరాబాద్‌కు ఎవరూ వేరుగా చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఉంది. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకుంది. ఆడిటర్లున్నారు, స్వతంత్ర డైరెక్టర్లున్నారు, సెన్సెక్స్‌లో చోటుంది. వార్షిక నివేదికను అక్షరమక్షరం చదివినవాడికి, అసలు చదవనివాడికి ఆ రోజు ఒకే నష్టం వచ్చింది. చదివినవాడి చదరంగం తెలివి లేని పావుల్ని ఉన్నాయనుకుని లెక్కలు వేసింది.

దీనికన్నా లోతైన తేడా ఇంకొకటుంది. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం చేశారు. నిజమైన ఆటల్లోంచి తీసిన బల్లను కొన్ని క్షణాలు చూపిస్తే, మేటి ఆటగాళ్లు కొత్తవాళ్ల కన్నా చాలా ఎక్కువ పావుల్ని వాటి గళ్లలో తిరిగి పెట్టగలిగారు. పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే వాళ్ల జ్ఞాపకం కొత్తవాళ్ల స్థాయికి పడిపోయింది. అంటే వాళ్ల కంటికి కనిపించేవి విడి పావులు కావు, ఆట నియమాల్లోంచి పుట్టి మళ్లీ మళ్లీ వచ్చే అమరికలు. నియమం లేనిచోట ఆ కన్ను పనిచేయదు. రోజువారీ షేర్ల చార్టు చూసి ‘ఈ ఆకారం నాకు తెలుసు’ అనేవాడు తనకు ఆ మేటి ఆటగాడి కన్ను ఉందనుకుంటాడు. ఆ గీతలో ఎక్కువ భాగం అడ్డదిడ్డపు బల్ల కావచ్చు. కంటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి, ధీమా కూడా ఒకేలా పుడుతుంది.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ విజేత అయిన పద్నాలుగో ఆటను ఈ సందర్భంలో తలచుకోవాలి. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, డ్రా కావలసిన ఆటను ఒక్క బంటు ఆధిక్యంతో సాగదీస్తూ కూర్చున్నాడు. సమయం తరిగిపోతున్న ప్రత్యర్థి డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు, ఆ వెంటనే బిషప్‌లు మారిపోక తప్పని స్థితి వచ్చింది. మిగిలిన బంట్ల ఆట గెలుపే. ఓపికకు దీన్ని మించిన ఉదాహరణ లేదని, మదుపరులు నేర్చుకోవాలని ఆ వారమంతా చాలామంది అన్నారు. ఆ ఓపిక గొప్పదే. కానీ అది ఎందుకు ఫలించిందో కూడా చూడాలి. చదరంగంలో వంతు వచ్చినవాడు ఎత్తు వేయక తప్పదు. ఊరుకునే హక్కు ఎవరికీ లేదు. గుకేశ్ ఓపిక ఎదుటివాడి ఈ నిర్బంధం మీద పనిచేసింది.

మదుపరికి ఆ నిర్బంధం లేదు. ధర నచ్చకపోతే కొనక్కర్లేదు, పడిపోతే అమ్మక్కర్లేదు. ఎవరూ గడియారం నొక్కరు. చిన్న మదుపరికి ఉన్న అతి పెద్ద బలం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని పోగొట్టుకునే ప్రధానమైన దారి: అప్పు. 1994లో మొదలైన లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా ఫండ్‌లో 1997లో నోబెల్ అందుకున్న మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ భాగస్వాములు. సొంత డబ్బుకు పాతికరెట్లకు పైగా అప్పు తెచ్చి పందేలు కట్టారు. 1998లో రష్యా తన అప్పు చెల్లించలేనని చేతులెత్తేయడంతో మార్కెట్లు అటూ ఇటూ అయ్యాయి, ఫండ్ కూలింది. 14 బ్యాంకులు, ఆర్థిక సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పెట్టి పగ్గాలు తీసుకున్నాయి. తర్వాత నెమ్మదిగా ఆ పందేల్ని విడదీసుకుంటూ పెట్టిన సొమ్ము వెనక్కి తెచ్చుకున్నాయి. లెక్క మరీ తప్పేమీ కాదన్నమాట. అప్పిచ్చినవాళ్లు అడిగారు కాబట్టి ఊరుకునే హక్కు పోయింది, ఎత్తు వేయక తప్పలేదు. పేరులో దీర్ఘకాలం ఉండి, చేతిలో కాలం లేకపోవడం అంటే అదే.

చదరంగం పక్షాన అందరికన్నా బలమైన సాక్షి హెన్రీ సింగిల్టన్. 1960లో టెలిడైన్ కంపెనీ స్థాపించిన ఈయన గట్టి చదరంగం ఆటగాడు. తన కంపెనీ షేరు మార్కెట్లో బాగా ఖరీదుగా పలికిన 1960లలో ఆ షేర్లనే ధరగా చెల్లించి సుమారు 130 కంపెనీలు కొన్నాడు. షేరు చవకైపోయిన 1972 నుంచి 1984 దాకా దారి మార్చి, సొంత షేర్లలో 90 శాతం దాకా తిరిగి కొనేశాడు. ఆయన డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నవాడు క్లాడ్ షానన్. కంప్యూటర్ చేత చదరంగం ఎలా ఆడించాలో 1950లో వ్యాసం రాసిన ఆ మహాగణితవేత్తే. షానన్ షేర్ల సంపదలో చాలా భాగం టెలిడైన్‌దే. రచయిత విలియం పౌండ్‌స్టోన్ లెక్క ప్రకారం, 1950ల చివరి నుంచి 1986 దాకా ఆయన షేర్ల మీద ఏటా సుమారు 28 శాతం వచ్చింది.

ఇద్దరూ చదరంగ ప్రియులే, ఇద్దరూ గెలిచారు. కానీ సింగిల్టన్ పనితీరు చూస్తే అక్కడ పది ఎత్తుల ముందుచూపు కనిపించదు. దీర్ఘకాల ప్రణాళికలంటే ఆయనకు గిట్టదు, ఏ రోజు పరిస్థితిని బట్టి ఆ రోజు నిర్ణయం తీసుకోవాలనేవాడు. ఆయనలో చదరంగం ఉంటే అది ఈ క్షణపు బల్లను పక్షపాతం లేకుండా చూడగల గుణం. నిన్న కొనుగోళ్లకు పేరు పడ్డవాడు ఈరోజు అన్నీ ఆపేసి, పన్నెండేళ్లు సొంత షేర్లే కొనడానికి ఆ గుణం కావాలి. షానన్ విషయంలో నాకు ఇంకో ప్రశ్న ఉంది. సంపదలో అంత భాగం ఒక్క కంపెనీలో పెట్టడం మంచి నిర్ణయమా, లేక మంచి పందెం పడిందా? చదరంగానికి ఈ ప్రశ్న అడగడమే రాదు. అక్కడ గెలిచాడంటే బాగా ఆడాడనే. ఈ ప్రశ్న అడగడానికి మూడో బల్ల దగ్గరికి వెళ్లాలి.

బ్యాక్‌గామన్‌లో ఒంటరిగా వదిలిన కాయను ఎదుటివాడు కొట్టగలడు. అది అతనికి ఒక్క ఇంటి దూరంలో ఉంటే, రెండు పాచికల 36 పందేల్లో 11 అతనికి అనుకూలం. ఆరిళ్ల దూరంలో ఉంటే 17. ఆట నేర్చినవాళ్లు ఈ అంకెల్ని ఎక్కాల్లా కంఠతా పడతారు. 11 పందేల ప్రమాదం ఒప్పుకుని మంచి చోటు కోసం కాయను వదిలారనుకుందాం. కాయ చచ్చింది. అయినా ఆ ఎత్తు సరైనదే కావచ్చు. 17 పందేల ప్రమాదం అక్కర్లేకుండా నెత్తికెత్తుకుని బతికిపోయినవాడిది తప్పే. తీవ్రంగా ఆడేవాళ్లు ఆట ముగిశాక దాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి, ఎత్తుకు సగటున ఎంత తప్పు చేశారో అంకెగా తీసుకుంటారు. గెలిచిన రాత్రి కూడా ఆ అంకె చూసి బాధపడేవాళ్లుంటారు. నిర్ణయానికి, ఫలితానికి మధ్య ఇంత నిక్కచ్చిగా గీత గీసిన ఆట నాకు మరొకటి తెలియదు. డబ్బు విషయంలో మనకు అందరికన్నా ఎక్కువ అవసరమైన గీత కూడా అదే.

ఎందుకంటే మన ఇళ్లలో మదుపు మాటలన్నీ ఫలితాల కథలే. ఫలానా ఆయన ఫలానా చోట స్థలం కొన్నాడు, పదింతలైంది కాబట్టి తెలివైనవాడు. ఫలానా ఆమె బంగారం అమ్మేసింది, ఆ తర్వాత పెరిగింది కాబట్టి తెలివితక్కువది. కొన్న రోజున, అమ్మిన రోజున వాళ్ల ముందున్న బల్ల ఎలా ఉందో ఎవరూ అడగరు. అదే స్థలం అదే లెక్కతో కొని కోర్టు తగాదాలో ఇరుక్కున్నవాడి కథ వివాహ భోజనాల దగ్గర వినబడదు. షానన్ కథ మనదాకా వచ్చింది. అంతే తెలివితో వేరే ఒక్క కంపెనీనే నమ్ముకున్నవాళ్లలో ఎందరి కథలు మనదాకా రాలేదో ఊహించుకోవలసిందే. నా మట్టుకు, టెలిడైన్‌ను లోపలి నుంచి చూసిన షానన్ నిర్ణయం మంచిదే కావచ్చు. బయటి నుంచి అదే పని చేసేవాడిది మాత్రం, గెలిచినా సరే, మంచి నిర్ణయం అనలేను.

అనుభవం కూడా మోసం చేయగలదని ఈ బల్లే చూపించింది. ఐబీఎంలో జెరాల్డ్ టెసౌరో 1990ల మొదట్లో టీడీ-గామన్ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. అది తనతో తానే లక్షల ఆటలు ఆడి నేర్చుకుంది. ఆట మొదట్లో 2, 1 పడితే ఏం చేయాలన్న దాని మీద అప్పటి నిపుణులకు ఒక స్థిరాభిప్రాయం ఉండేది. ముఖ్యమైన ఇంట్లో ఒంటరి కాయను పెట్టి సాహసం చేయడమే సరైనదనుకునేవాళ్లు. ప్రోగ్రాం అలా చేయకుండా వెనకున్న కాయను ఒక్క ఇల్లు జరిపింది. పరీక్షించి చూశాక నిపుణులు తమ అలవాటు మార్చుకున్నారు. పాచికలున్నచోట ఒకరి జీవితకాలపు అనుభవం చిన్న నమూనా మాత్రమే. పాతికేళ్లుగా మార్కెట్లో ఉన్నానని చెప్పే సలహాదారుకు నమస్కరించి, లెక్కలు చూపించమని అడగడంలో తప్పు లేదు.

ఈ ఆటలో రెట్టింపు పాచిక అని ఇంకొకటుంది. దాని ముఖాల మీద 2, 4, 8, 16, 32, 64 ఉంటాయి. 1920లలో న్యూయార్క్‌లో చేరింది. ఆట తనవైపు మొగ్గిందనుకున్నవాడు పందెం రెట్టింపు చేస్తానంటాడు. ఎదుటివాడు ఒప్పుకోవాలి, లేదా ఉన్న పందెం ఓడి లేచిపోవాలి. గెలిచే అవకాశం నాలుగింట ఒక వంతు ఉన్నా ఒప్పుకోవడం నష్టం కాదని లెక్క. లేస్తే ఒకటి ఖాయంగా పోతుంది. నాలుగుసార్లు ఒప్పుకుని మూడుసార్లు రెండేసి ఓడి, ఒకసారి రెండు గెలిచినా పోయేది నాలుగే, నాలుగుసార్లు లేచిపోయినా పోయేది నాలుగే. అంతకన్నా తక్కువ అవకాశముంటే మొహమాటం లేకుండా లేచిపోవాలి. ఓడిపోతున్నామన్న ఉక్రోషానికి, పెట్టింది రాబట్టాలన్న పంతానికి అక్కడ చోటు లేదు.

అవకాశం ఎంత అన్నదానితో పాటు పందెం ఎంత అన్నది కూడా విడిగా ఆలోచించాల్సిన ప్రశ్న అని ఈ పాచిక నేర్పుతుంది. మన దగ్గర ఫ్యూచర్స్, ఆప్షన్లలోకి దిగుతున్న కుర్రవాళ్లకు ఎవరూ నేర్పనిది ఇదే. 2024 సెప్టెంబర్‌లో సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ విభాగంలో ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. వాళ్లంతా తెలివి లేనివాళ్లు కారు. చాలామంది ఇంజినీరింగ్ చదివినవాళ్లే అయ్యుంటారు. చదరంగం ఆడుతున్నామనుకుని పాచికల బల్ల దగ్గర కూర్చున్నారు. పైగా ప్రతి పందేనికీ బ్రోకరేజీ, పన్నులు కట్టారు. ఈ విషయం రాస్తుంటే కోపం కన్నా దిగులు ఎక్కువ కలుగుతుంది.

ఇక గో. దీని దగ్గర నేర్చుకోవాల్సింది వేరే రకానిది. ఆట మొదలవగానే ఇద్దరూ మూలలకు వెళతారు, తర్వాత అంచులు, చివరికి నడిబొడ్డు. మూలలో రెండు వైపులా బల్ల అంచే గోడ కాబట్టి తక్కువ రాళ్లతో చోటు మనదవుతుంది. ఆరునెలల ఇంటి ఖర్చు బ్యాంకులో, ఆరోగ్య బీమా, సంపాదించేవాళ్ల పేరిట టర్మ్ పాలసీ: ఇవి మదుపులో మూలలు. ఇవి లేకుండా నడిబొడ్డున షేర్ల సామ్రాజ్యం కట్టినవాడు ఒక్క ఆసుపత్రి బిల్లుకు దాన్ని చవకగా అమ్ముకుంటాడు. అంచు నుంచి మూడో గీత మీద పెట్టిన రాయి కొంచెం చోటును వెంటనే ఖాయం చేస్తుంది. నాలుగో గీత మీది రాయి ఇప్పుడేమీ ఇవ్వదు, నడిబొడ్డు మీద పట్టు ఇస్తుంది, అది ముందుముందు ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. మంచి ఆటగాళ్లు రెండింటినీ కలిపి పెడతారు. పీపీఎఫ్, ఫిక్స్‌డ్ డిపాజిట్ మూడో గీత అయితే షేర్లు నాలుగో గీత. ఏది గొప్పదన్న వాదన గోలో ఎవరూ చేయరు. మిగతా బల్ల మీద ఏముందో చూసి చెబుతారు. ఉద్యోగ భద్రత ఉన్న టీచర్‌కు, వానను నమ్ముకున్న రైతుకు ఒకే ఫండ్ చెప్పే సలహా ఆ చూపు లేని సలహా.

2016 మార్చిలో సియోల్‌లో లీ సెడోల్‌ను 4–1తో ఓడించిన ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి అందరూ రెండో ఆటలో దాని 37వ ఎత్తునే చెప్పుకుంటారు. నాకు అంతకన్నా విలువైనది ఇంకొకటి కనిపిస్తుంది. ముందంజలో ఉన్నప్పుడు అది చేతికందే చోటును కూడా వదిలేసి మెతగ్గా ఆడేది. వ్యాఖ్యాతలు మొదట తప్పులనుకున్నారు. తర్వాత తెలిసింది, దాని లెక్కలో ఎంత తేడాతో గెలిచామన్నది లేదు, గెలిచే అవకాశం ఎంత అన్నదే ఉంది. అరచోటు తేడా చాలు. కొరియా మేటి లీ చాంగ్-హో దశాబ్దాల ముందే మనిషిగా ఇదే ఆట ఆడాడు. రాతి బుద్ధుడని పేరు తెచ్చుకున్న అతను ఆధిక్యం దొరికాక మెరుపులకు పోయేవాడు కాదు. చివరిదాకా చిన్న చిన్న అంచుల్ని నిబ్బరంగా సర్దుకుంటూ అరచోటుతో గెలిచేవాడు.

మదుపరికి కావలసింది పక్కింటివాడి కన్నా ఎక్కువ కాదు, తన అవసరం తీరడం. అది తీరే దారిలో ఉన్నాక ఇంకా ఎక్కువ కోసం ప్రమాదం పెంచడం ఆల్ఫాగో చేయని పని. అరచోటు విలువ ఖర్చుల దగ్గర అంకెల్లో కనిపిస్తుంది. నెలకు 10,000 రూపాయల చొప్పున 20 ఏళ్లు సిప్ కట్టామనుకుందాం. లెక్క కోసం ఏటా 12 శాతం పెరిగిందనుకుంటే చివరికి దాదాపు కోటి రూపాయలు. ఏటా ఒక్క శాతం ఖర్చుల కింద పోయి 11 మిగిలితే సుమారు 87 లక్షలు. కట్టింది 24 లక్షలు, ఆ ఒక్క శాతం తిన్నది పన్నెండు లక్షల పైమాటే. ఏ ఫండ్ మేనేజర్ ప్రతిభావంతుడో ఎవరం ముందుగా చెప్పలేం. ఏ ఫండ్ ఖర్చు ఎంతో మాత్రం కాగితం మీదే ఉంటుంది.

1938లో జపాన్‌లో హోనింబో షూసాయ్, కితానీ మినోరు మధ్య జరిగిన ఆట జూన్‌లో మొదలై డిసెంబర్‌లో ముగిసింది. మధ్యలో షూసాయ్ జబ్బుపడితే మూడు నెలలు ఆగింది. ఆ పోటీని పత్రికకు రాసిన కవబాత యసునారి తర్వాత దాన్నే నవలగా మలిచాడు. రోజు ఆట ఆగేటప్పుడు వంతు ఉన్నవాడు తన తర్వాతి ఎత్తును కాగితం మీద రాసి, కవరులో పెట్టి ముద్ర వేసేవాడు. రాత్రంతా ఆలోచించినా దాన్ని మార్చడానికి లేదు. ఆ ఆటలో కితానీ ముద్రవేసిన 121వ ఎత్తు మీద వివాదం కూడా నడిచింది. ఆ సంగతి అటుంచితే, దీర్ఘకాల మదుపుకు ముద్రవేసిన ఎత్తు లాంటి ఏర్పాటు నాకు మరొకటి కనిపించదు. సిప్ అదే. షేర్లు ఇంత శాతం దాటితే కొంత అమ్మి డిపాజిట్లో వేస్తాను, ఇంతకన్నా తగ్గితే తిరిగి కొంటాను అని ప్రశాంతంగా ఉన్న రోజున రాసి పెట్టుకున్న కాగితమూ అదే. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2009 మార్చిలో 8,200 కన్నా కిందికి పడింది, 2010 నవంబర్‌లో మళ్లీ 21,000 దగ్గరికి వచ్చింది. ఆ మధ్యకాలంలో ప్రతి ఉదయం కొత్తగా నిర్ణయం తీసుకోవలసి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అడుగున కొనే గుండె ఉండదు. అది వాళ్ల బలహీనత కాదు, మనిషి తీరే అంత. కవరు ముందే మూసి ఉండాలి.

ఇంత చెప్పాక ఈ మూడు బల్లలూ పనికిరాని చోటు కూడా చెప్పాలి. ఆట పోతే పావులు మళ్లీ పేర్చుకుంటారు. బ్యాక్‌గామన్ ఆటగాడు వేల ఆటలు ఆడతాడు కాబట్టి, ఈ రాత్రి పాచిక మోసం చేసినా తప్పుల సగటు తక్కువున్నవాడే చివరికి పైకి వస్తాడు. మదుపరికి ఉన్నది ఒక్క ఆట. ఒక్క ఉద్యోగ జీవితం, ఒక్క పదవీ విరమణ. నిర్ణయం సరైనదే, పందెం మాత్రం చెడ్డది పడిందని అరవై అయిదేళ్ల మనిషికి చెప్పి ఏం ప్రయోజనం? ఈ చిక్కుకు జవాబు ఆటల్లో లేదు, మదుపులోనే ఉంది. ఒకే జీవితంలో అనేక ఆటలు ఒకేసారి ఆడగలగడం, అంటే డబ్బును అనేక కంపెనీల మీద పరచడం. షానన్ చేయనిది అదే.

2009 జనవరిలో సత్యం షేరు ఒక్క రోజులో నాలుగింట మూడు వంతులకు పైగా పడింది. ఆ కంపెనీలోనే జీతం తీసుకుంటూ ఆ కంపెనీ షేర్లే దాచుకున్నవాళ్లకు పొదుపూ, ఉద్యోగ ధీమా ఒక్క ఉదయంలో కదిలాయి. రెండు పందేలు వేశామనుకున్నవి ఒకే పాచిక మీదున్నాయి. అదే రోజు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ ఉన్నవాడి దగ్గరా సత్యం ఉంది, యాభై కంపెనీల్లో ఒకటిగా. ఆ ఒక్కటి మొత్తం సున్నా అయినా అతని ఆట ఆగేది కాదు. నెల తిరక్కుండానే నిఫ్టీ, సెన్సెక్స్ రెండింటిలోంచీ సత్యాన్ని తీసేసి, దాని చోట మరో కంపెనీని చేర్చారు. అతను వార్షిక నివేదిక చదవలేదు, రామలింగరాజు లేఖను ఊహించనూ లేదు. ఆ రోజు అతను చేయవలసిన పనంటూ ఏదీ లేదు.